అరవై ఏడేళ్ళ వయసులో నోరు విప్పొచ్చా?

ఈ సంచికకి ఎంచుకున్న ఉత్తరాలన్నీ హైదరాబాద్ నుంచి వచ్చినవే. పేర్లు తీసేశాం. వృద్ధుల మానసిక వైద్యంలోనూ, ఎల్జీబీటీక్యూ (గే, లెస్బియన్, ట్రాన్స్ మొదలైన) వారికి కౌన్సెలింగ్‌లోనూ అనుభవమున్న సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు కలిసి జవాబులు రాశారు.

*

ప్రశ్న: నేను 1958లో పుట్టాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి 2018లో రిటైరయ్యాను. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. చాలా మంచి మనిషి, మా మధ్య గొడవలు లేవు. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ నా మనసు మగవాళ్ళ వైపే. ఆ మాట ఆవిడకీ చెప్పలేదు, ఇంకెవరికీ చెప్పలేదు. ఆరేళ్ళుగా నిద్రకి అల్ప్రాజోలాం బిళ్ళ వేసుకుంటున్నాను. ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు. డాక్టరు మా అబ్బాయికి చెప్పేస్తాడేమోనని భయం. ‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకండీ’ అంటారేమోనని సిగ్గు. ఏం చెయ్యాలి? (పద్మారావు నగర్)

జవాబు: చెప్పుకోండి. అరవై ఏళ్ళు ఒక్కరే మోసిన బరువు ఇది. దించుకోవడానికి వయసు అడ్డం కాదు.

ముందు మీ భయం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. కొడుకైనా సరే, అడిగినంత మాత్రాన ఫైలు చూపించకూడదు. మినహాయింపులు కొన్నే: మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, చట్టప్రకారం అధికారం ఉన్నవాళ్ళు ఆదేశించినప్పుడు, అలాంటివి. మొదటి రోజే ‘నేను చెప్పేది ఎప్పుడు బయటికి వెళ్తుంది?’ అని అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే అది మంచి గుర్తు.

అసలు గుట్టు బయటపడేది డాక్టరు నోటినుంచి కాదు, ఫోన్ నుంచి. అపాయింట్‌మెంట్ మెసేజ్ అబ్బాయి నంబరుకి వెళ్తుంది. ఫీజు యూపీఐలో కడితే క్లినిక్ పేరు హిస్టరీలో ఉంటుంది. బిల్లు ఇన్సూరెన్స్‌కి పెడితే రోగం పేరు రాయాల్సి వస్తుంది. అందుకని మీ నంబరే ఇచ్చి, ‘ఇంటికి ఫోన్ చెయ్యకండి, మెసేజ్‌లో టైము మాత్రమే పెట్టండి’ అని రిసెప్షన్‌లో చెప్పండి. మొదటి నాలుగైదు సార్లు నగదు ఇవ్వండి. గదులు దగ్గర దగ్గరగా ఉండే ఫ్లాటులో వీడియో కౌన్సెలింగ్ కంటే, కాస్త దూరమైనా నేరుగా వెళ్ళడమే మీకు మంచిది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మందులు రాసేది సైకియాట్రిస్టు. మాటలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు. రెండోవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడిగితే చెప్పాలి. ‘లైఫ్ కోచ్’, ‘సబ్‌కాన్షస్ ఎక్స్‌పర్ట్’ లాంటి బోర్డులు చూసి లోపలికి వెళ్ళకండి. ప్రభుత్వ ఆసుపత్రే కావాలంటే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, గాంధీ, ఉస్మానియాల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. ఓపీ గదిలో జనం ఎక్కువ, పక్కనే ఇంకో పేషెంటు నిలబడి ఉంటారు. అక్కడ ‘ఏకాంతంగా మాట్లాడాలి, ఇంకో టైము ఇవ్వండి’ అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

వెళ్ళేముందు ఫోన్లో పేరు చెప్పకుండా ఒక్క మాట అడగండి: ‘స్వలింగ ఆకర్షణ ఉన్న పెద్దవాళ్ళు వస్తే మీరేం చేస్తారండీ?’ ‘దాన్ని మార్చే ప్రయత్నం చెయ్యం. నిద్ర, దిగులు, ఒంటరితనం, ఏది బాధపెడుతుంటే దానిమీద పనిచేస్తాం’ అంటే వెళ్ళండి. ‘రండి చూద్దాం, చాలామందికి తగ్గించాం’ అంటే ఫోన్ పెట్టెయ్యండి. ‘మాకు అందరూ ఒక్కటేనండీ’ అనే జవాబు మధ్యస్థం. మంచి మనసుతో అన్నదే కావచ్చు, కానీ ఈ విషయంలో పని చేసి ఉన్నారని దానర్థం కాదు. ఇంకో ప్రశ్న వెయ్యండి.

మొదటి రోజు మొత్తం చెప్పెయ్యాలని లేదు. నోరు పెగలకపోతే ఉత్తరంలో మాకు రాసిన నాలుగు వాక్యాలే ఒక కాగితం మీద రాసుకెళ్ళి ఇవ్వండి. సెషన్ 45 నుంచి 50 నిమిషాలుంటుంది, సాధారణంగా వారానికొకటి. మూడు నాలుగు సెషన్లయ్యాక కూడా మాట జాగ్రత్తగా వడపోసి చెప్పాల్సివస్తుంటే మనిషిని మార్చండి. అందులో మొహమాటపడాల్సిందేం లేదు.

మీలాంటివారితో చికిత్సకులు రెండు తప్పులు చేస్తారు. ఒకటి, మీరు రాసిన ‘ఈ వయసులో ఎందుకు’ అనే మాట. రెండోది దానికి పూర్తి వ్యతిరేకం: ‘మీ అబ్బాయికి చెప్పెయ్యండి, మనసు తేలికపడుతుంది’ అని తొందరపెట్టడం. ఇల్లు ఎవరి పేర ఉంది, పెన్షన్ మీ చేతికి వస్తుందా, రేపు మంచాన పడితే చూసేదెవరు, ఇవన్నీ లెక్క చూడకుండా ఇచ్చే ఆ సలహా ప్రమాదం. చెప్పాలా, ఎవరికి, ఎప్పుడు, అసలు చెప్పకుండానే ఉండాలా అన్నది మీ నిర్ణయం. ఎవరికీ చెప్పకపోయినా చికిత్స పనిచేస్తుంది.

ఇంకొక్కటి. మీరు మీ ఆవిడ కోసం దుఃఖపడుతున్నారు. ‘మగవాళ్ళంటే ఇష్టమైతే భార్య పోయినందుకు ఏడుపెందుకు’ అని మీకే అనిపిస్తుండొచ్చు, అందుకే ఆ దుఃఖం సగంలో ఆగిపోయి ఉంటుంది. ముప్పై నలభై ఏళ్ళు కలిసి కాఫీ తాగిన మనిషి మీద ప్రేమ నిజమే. ఆవిడ దగ్గర దాచిన మాట కూడా నిజమే. జీవితాన్ని తిరిగి చూసుకునే పద్ధతి ఒకటుంది, 1963లో రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు దాని గురించి రాశారు. బాల్యం, చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఇప్పటి రోజులు అని విడగొట్టుకుని, ఒక్కో సెషన్‌లో ఒక్కో భాగం మాట్లాడతారు. పాత ఫొటోలు పట్టుకెళ్ళండి. మాట ఎంతసేపూ ‘నేను మోసం చేశాను’ దగ్గరే తిరుగుతుంటే ఆ సంగతి చికిత్సకులకి చెప్పండి. అప్పుడు వరస ఆపి, ముందు ఆ అపరాధ భావం మీద పని చెయ్యాలి. ఆ రోజుల లెక్క కూడా చూడాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణని రోగాల జాబితాలోంచి తీసేసిన 1973లో మీకు పదిహేనేళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసిన 1990లో ముప్పై రెండు. ఇక్కడ సుప్రీంకోర్టు శిక్షాస్మృతిలోని 377 సెక్షన్ నుంచి ఇష్టపూర్వక స్వలింగ సంబంధాన్ని తొలగించింది 2018 సెప్టెంబర్ 6న, అంటే మీరు రిటైరైన ఏడాది. మీరు ఉద్యోగం చేసిన కాలంలో చాలా భాగం ఆ సంబంధం చట్టం దృష్టిలో నేరమే. మీరు దాచడాన్ని పిరికితనం అనుకోకండి.

బిళ్ళ గురించి తప్పక చెప్పాలి. అల్ప్రాజోలాం అరవై దాటాక మతిమరుపు పెంచుతుంది, రాత్రి బాత్‌రూముకి లేచినప్పుడు పడేస్తుంది. కానీ ఆరేళ్ళ అలవాటుని ఒక్కరోజులో మానేస్తే వణుకు, అసలు నిద్రలేకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. సైకియాట్రిస్టు చెప్పినట్టు కొద్దికొద్దిగా, నెలల తరబడి తగ్గించాలి. వణుకో ఆందోళనో పెరిగితే కొన్ని వారాలు ఆ మోతాదు దగ్గరే ఆగాలి. దాంతోపాటు నిద్ర అలవాట్ల చికిత్స కూడా అడగండి, లేకపోతే బిళ్ళ మళ్ళీ పెరుగుతుంది.

*

ప్రశ్న: మా అబ్బాయికి 22. తను ‘గే’ అని చెప్పి నెలైంది. మా ఆడపడుచు ఒక సెంటర్ చూపించింది. హిప్నాసిస్, ఇంజెక్షన్లు కలిపి పది సిట్టింగులకి అరవై వేలట, గ్యారంటీ అంటున్నారు. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని మా అన్నయ్య. రెండు వారాలుగా బాబు గది తలుపు వేసుకునే ఉంటున్నాడు. (ఎ.ఎస్. రావు నగర్)

జవాబు: అమ్మా, ఆ డబ్బు కట్టకండి. లేని రోగానికి గ్యారంటీ ఎవరైనా ఇస్తారు. ఆ ఇంజెక్షన్లు మగ హార్మోనువైతే కోరిక పెంచుతాయేమో గాని, అది ఎవరి వైపు ఉందో మార్చవు. మార్చాలని చేసేవన్నీ చివరికి కుర్రాడికి మిగిల్చేది ‘నాలో ఏదో చెడు ఉంది’ అన్న నమ్మకం, దాని వెనకాల దిగులు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన. మద్రాసు హైకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు తర్వాత, జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇలాంటి ‘మార్పిడి చికిత్స’ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. చేస్తున్నది రిజిస్టరైన డాక్టరైతే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. కరపత్రం, రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దాచి ఉంచండి.

పెళ్ళి మాట అస్సలు వద్దు. అక్కడ ఇంకో ఇంటి ఆడపిల్ల జీవితం ఉంది.

ఇవాళ చెయ్యాల్సింది ఇది. తలుపు దగ్గర నిలబడి, ‘నిన్ను ఎక్కడికీ తీసుకెళ్ళను నాన్నా, అన్నం తిందువుగాని రా’ అనండి. అంతే, ప్రశ్నలొద్దు. తను కాస్త కుదురుకున్నాక, ఎదురుగా కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే తేలికపడతారు. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో మాత్రలు, పురుగుమందు తీసి తాళం వెయ్యండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీమానస్‌కి ఫోన్ చెయ్యండి, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. లేదా దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.

కౌన్సెలింగ్‌కి తీసుకెళ్ళాలనుకుంటే బాబు ఒప్పుకోవాలి. ‘బీ12 టెస్టుకి’ అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళిన పిల్లలు ఆ గదిలో నోరు విప్పరు, తర్వాత ఇంకే డాక్టరునీ నమ్మరు. ఆలోగా ముందు మీరే వెళ్ళండి. మీ కలలు కొన్ని కూలిపోయాయి, ఆడపడుచుకి ఏం చెప్పాలో తెలియదు, తప్పు పెంపకంలోనేమో అని రాత్రిళ్ళు నిద్ర లేదు. ఇవి మీ బాధలు, వీటికి చోటు కావాలి. కానీ బాబు ముందు కాదు. తల్లికి వేరే చికిత్సకులు, కొడుక్కి వేరే చికిత్సకులు ఉంటే మంచిది. ఇద్దరినీ ఒకరే చూస్తే ‘వాడేం చెప్పాడండీ’ అని మీరు అడగకుండా ఉండలేరు.

ఆడపడుచుకి ఒక్క వాక్యం చాలు: ‘డాక్టరుని అడిగాం, ఇది జబ్బు కాదన్నారు.’ అంతకుమించి చెప్పాలంటే బాబు అనుమతి తీసుకోండి.

*

ప్రశ్న: మా అత్తగారికి 74. ఆర్నెల్లుగా తిండి తగ్గించేశారు. ఒళ్ళంతా మంటలు, నరాలు లాగేస్తున్నాయంటారు. స్కానింగులు బాగానే ఉన్నాయి. మర్చిపోతున్నారు కూడా. మనసు బాగాలేదా అంటే ‘నాకేం లేదే, ఇంకెన్నాళ్ళులే’ అంటారు. ఈ వయసులో కౌన్సెలింగ్ పనిచేస్తుందా? (వనస్థలిపురం)

జవాబు: పనిచేస్తుంది. ముందు ఏం జరుగుతోందో తేల్చాలి. మన పెద్దవాళ్ళు దిగులుని దిగులు అని చెప్పరు. మంటలు, లాగడం, గుండెదడ, కడుపుబ్బరం అని చెప్తారు. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, సోడియం, షుగరు చేయించండి. వినికిడి పరీక్ష మర్చిపోవద్దు. సగం మాటలు వినపడక ‘ఊఁ’ అని ఊరుకునే మనిషిని మతిమరుపు కింద జమకట్టేస్తుంటాం. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదంతో సహా, సంచిలో వేసుకెళ్ళండి. గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో ఉన్నట్టుండి అయోమయం మొదలైతే మాత్రం అది ఇన్ఫెక్షనో సోడియం పడిపోవడమో కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

దిగులువల్ల వచ్చే మరుపులో, ఏదైనా అడిగితే ‘తెలీదు’ అని వదిలేస్తారు, మర్చిపోతున్నానని బాధపడతారు. ముదిరే మతిమరుపు జబ్బైన డిమెన్షియాలో ఎక్కువగా ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుతారు. ఇది ఇంట్లో గమనించే తేడా మాత్రమే, తేల్చేది డాక్టరు. పెద్దవాళ్ళ దిగులుకి పదిహేను ప్రశ్నల పరీక్ష ఒకటుంది, అవును కాదు అంటే చాలు. అయిదు దాటితే ఇంకా లోతుగా చూస్తారు.

క్లినిక్ ఎలా ఉందో ముందే అడిగి తీసుకెళ్ళండి. లిఫ్టు ఉండాలి, చేతులున్న కుర్చీ ఉండాలి, టైము ఉదయమైతే మంచిది. 30 నుంచి 40 నిమిషాలు చాలు. ముందు మీరందరూ కలిసి పది నిమిషాలు, తర్వాత మీరు బయటికొచ్చి ఆవిడొక్కరే కనీసం ఇరవై నిమిషాలు. ఇది మీమీద అనుమానంతో కాదు. ఇంట్లో ఎవరైనా కసురుతున్నారా, పెన్షన్ డబ్బు ఎవరి చేతిలో ఉంది అనేవి ప్రతి పెద్దమనిషినీ విడిగా అడగాలి. డాక్టరు ఆవిడని వదిలేసి మీతోనే మాట్లాడుతుంటే, ‘అత్తయ్యనే అడగండి’ అనండి. ఆ ఒక్క మాటతో ఆవిడ ముఖం మారుతుంది.

మందు అవసరమైతే సగం మోతాదుతో మొదలుపెడతారు. కొన్ని దిగులు మందులు ఈ వయసులో సోడియంని తగ్గిస్తాయి కాబట్టి రెండు నుంచి నాలుగు వారాల్లో ఒకసారి రక్తపరీక్ష చేయించాలి. గుణం కనపడ్డానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. చాలామంది మూడో వారంలో ‘లాభం లేదు’ అని ఆపేస్తారు.

మాటల చికిత్సలో ఆవిడకి సరిపడేది, మానేసిన పనుల్ని కొంచెం కొంచెంగా తిరిగి తేవడం. పూర్వం ఏం చేసేవారో రాయండి: తులసికి నీళ్ళు, పూలు కట్టడం, చెల్లెలితో ఫోన్. వారానికి రెండే ఎంచుకోండి. ‘పూజ చేసుకోండి’ అని చెప్తే జరగదు. ‘ఉదయం ఏడింటికి బాల్కనీలో కుర్చీ వేస్తాను, కాఫీ అక్కడే, పది నిమిషాలు’ అంటే జరుగుతుంది. మనసు ఎలా ఉందో పదికి ఎంత అని అడిగితే చిరాకుపడతారు, పరీక్ష మార్కుల్లా ఉంటుంది. ‘ఇవాళ రూపాయిలో ఎన్నణాలు బాగుందత్తయ్యా?’ అని అడగండి. ఆ తరానికి ‘ఇవాళ నాలుగణాలే’ అనడం సులువు. క్యాలెండర్ గళ్ళల్లో ఆ అణాలు రాయండి. పని చేసిన రోజున ఆరణాలు, చెయ్యని రోజున మూడు అని రెండు వారాలకే కనపడుతుంది. పనివల్ల మనసు మారుతోందని ఆవిడకి చూపించే రుజువు ఆ క్యాలెండరే.

‘ఇంకెన్నాళ్ళులే’ అన్న మాటని పెద్దవాళ్ళ మాటలే అని కొట్టిపారెయ్యకండి. పైన రెండో జవాబులో రాసినట్టే, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి.

*

ప్రశ్న: కూకట్‌పల్లిలో కొత్తగా కౌన్సెలింగ్ సెంటర్ పెట్టాను. ఎల్జీబీటీక్యూ వాళ్ళు, పెద్దవాళ్ళు ఇబ్బందిపడకుండా రావాలంటే ఏం మార్చాలి?

జవాబు: గోడమీద ఎల్జీబీటీక్యూ గుర్తైన ఇంద్రధనుస్సు బొమ్మకంటే ముందు ఫారం మార్చండి. ‘భర్త/తండ్రి పేరు’ తీసేసి ‘అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి, వారు మీకేమవుతారు’ అని పెట్టండి. ‘వివాహితులా’ అనే గడి పక్కన ‘కలిసి ఉంటున్నాం’ చేర్చండి. ఆధార్‌లోని పేరు, పిలవాల్సిన పేరు వేర్వేరు గళ్ళల్లో ఉండాలి. వెయిటింగ్ హాల్లో ఆధార్ పేరు గట్టిగా పిలిస్తే, అందులో ఇంకా మగపేరే ఉన్న ఒక ట్రాన్స్ మహిళ లేచి గుమ్మం దాటి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. టోకెన్ నంబరు పిలవండి.

మన భాష ఇక్కడ మనకి సాయం చేస్తుంది. ‘నేను’, ‘మీరు’ ఎవరికైనా ఒకటే. ‘వచ్చారు’, ‘చెప్పారు’ అంటే ఆడా మగా తేడా రాదు. తప్పులు జరిగేది రిసెప్షన్‌లో ‘అతనొచ్చాడు’, ‘ఆవిడ ఉంది’ అన్నప్పుడు, కేసు నోట్స్ రాసేటప్పుడు. రెండుచోట్లా ‘వారు’ అలవాటు చెయ్యండి. ‘మీ ఆవిడ’, ‘మీవారు’ బదులు ‘మీ ఇంట్లో ఎవరెవరుంటారు, మీకు దగ్గరివాళ్ళెవరు?’ అని అడగండి. వరసలు కలిపేముందు కూడా అడగాలి. ‘అక్కా’ అంటే సంతోషించే ట్రాన్స్ మహిళ ఉంటుంది. ‘బామ్మగారూ’ అంటే నొచ్చుకునే డెబ్భై ఏళ్ళ రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ ఉంటారు. ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అన్నది అందరికీ సరిపోతుంది.

వచ్చిన కష్టాన్ని వదిలేసి వాళ్ళ లైంగికత గురించి ఆరా తియ్యకండి. ఆఫీసు ఒత్తిడి అని వస్తే ఆఫీసు ఒత్తిడి గురించే మాట్లాడండి. మీకు తెలియనివి క్లయింటు చేత పాఠంలా చెప్పించుకోకండి, అది మీరు బయట చదువుకోవాల్సింది. పొరపాటున తప్పు మాట దొర్లితే ‘క్షమించండి’ అని సరిచేసుకుని ముందుకెళ్ళండి. పది నిమిషాలు బాధపడితే చివరికి మిమ్మల్ని వాళ్ళు ఓదార్చాల్సివస్తుంది.

*

ప్రశ్న: మేమిద్దరం ఆడవాళ్ళం, 66, 63. ఇరవై ఆరేళ్ళుగా కలిసి ఉంటున్నాం. అపార్ట్‌మెంట్‌లో అక్కచెల్లెళ్ళమని చెప్పాం. పెద్దావిడకి డిప్రెషన్ ముదురుతోంది. ఆసుపత్రిలో చేర్చాల్సివస్తే నన్ను ఎవరని అడుగుతారు? (మలక్‌పేట)

జవాబు: 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించలేదు. అయినా మీ చేతిలో కొన్ని కాగితాలు ఉండొచ్చు.

మొదటిది ఇవాళే రాయండి. మానసిక ఆరోగ్య చట్టం 14వ సెక్షన్ ప్రకారం, మైనరు కాని ఎవరినైనా తన తరఫున నిలబడే ప్రతినిధిగా నియమించుకోవచ్చు, బంధువే కానక్కర్లేదు. తెల్లకాగితం మీద ‘నా మానసిక చికిత్స విషయంలో ఫలానావారు నా నామినేటెడ్ ప్రతినిధి’ అని ఆవిడ రాసి సంతకం చెయ్యాలి, వేలిముద్రైనా చాలు. మీ సమ్మతి కూడా కింద రాయండి. మామూలు జబ్బులకి ఈ కాగితం పనికిరాదు. ప్రాణాపాయ స్థితిలో ఏ చికిత్స కావాలో, ఎవరు నిర్ణయించాలో చెప్పే లివింగ్ విల్ వేరే ఉంది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం కావాలి.

బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. ఇల్లు ఒకరి పేరే ఉంటే వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులు చాలు, వాళ్ళు ఆస్తి తీసుకునేవాళ్ళు కాకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మేనల్లుళ్ళు రేపు గొడవపడే అవకాశం ఉంటే చేయించండి. మొబైల్లో వీడియో తీసినా పనికొస్తుంది.

చికిత్సకుల దగ్గరైనా అక్కచెల్లెళ్ళమని చెప్పకండి. ఆవిడ దిగులుకి కారణం ఆ అబద్ధం మోయడమే కావచ్చు, అది తెలియకుండా ఎవరూ ఏం చెయ్యలేరు. రెండు సెషన్లు ఆవిడొక్కరే, మూడోది ఇద్దరూ కలిసి, అలా అడగండి. పై కాగితాలన్నిటికీ మూడు జిరాక్సులు తీసి, ఒకటి డాక్టరు ఫైల్లో పెట్టించండి, ఒకటి నమ్మకస్తులకి ఇవ్వండి, మూడోది మందుల చీటీలతో పాటు గుమ్మం దగ్గర సంచిలో ఉంచండి. అర్ధరాత్రి అంబులెన్స్ వచ్చినప్పుడు బీరువా వెతికే టైము ఉండదు.